పడుకున్న వీడియోని సరిగ్గా తిప్పడం ఎలా?

[తెర మీద: బాండీలో గారెలు. గరిటె పట్టిన చెయ్యి పక్క నుంచి వస్తోంది.]

నమస్తే అండీ. గారెలు బ్రహ్మాండంగా వేగుతున్నాయి. కానీ చూసేవాళ్లు మెడ వంచుకోవాలి! ఫోన్‌ని పొయ్యి మీద బోర్లా పట్టుకుని తీసిన వీడియోల్లో తరచూ ఇదే గోల.

కారణం ఇదీ. మనం ఫోన్ ఎలా పట్టుకున్నా, చాలా ఫోన్లు బొమ్మని ఒకే వైపుగా రికార్డ్ చేస్తాయి. 'చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు' అని ఫైల్లో ఓ చిన్న గుర్తు రాసి పెడతాయి, అంతే. ఆ గుర్తు ఏం రాయాలో రికార్డ్ నొక్కిన క్షణంలో సెన్సర్ చెబుతుంది. ఫోన్ నేలకేసి చూస్తుంటే పైవైపేదో దానికి తెలియదు. అంతకుముందు ఎలా ఉందో అదే రాసేస్తుంది. మధ్యలో ఫోన్ తిప్పినా ఆ గుర్తు మారదు.

[తెర మీద: వీఎల్‌సీ]

వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో తిప్పితే మీకు మాత్రమే సరిగ్గా కనిపిస్తుంది. ఫైల్ మారదు. అదే ఫైల్ అత్తయ్యకి వాట్సాప్‌లో పంపితే అక్కడ మళ్లీ పడుకునే ఉంటుంది.

చిన్న క్లిప్ అయితే గూగుల్ ఫొటోస్ చాలు: ఎడిట్, క్రాప్, రొటేట్, సేవ్.

[తెర మీద: డావిన్చి రిజాల్వ్]

డావిన్చి రిజాల్వ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎడిటింగ్ చేసేవాళ్లు క్లిప్ ఎంచుకుని, ఇన్‌స్పెక్టర్ అనే సెట్టింగుల ప్యానెల్‌లో రొటేషన్ యాంగిల్ దగ్గర 90 కొట్టండి. తలకిందులైతే మైనస్ 90. చాలామంది ఇక్కడితో ఆపేసి, చుట్టూ ఈ నల్లపట్టీ ఏంటని టెన్షన్ పడతారు. మన టైమ్‌లైన్, అంటే క్లిప్‌లు పేర్చే ఫ్రేమ్, 1920 బై 1080 పిక్సెళ్లు. సాఫ్ట్‌వేర్ ఫైల్లోని ఆ గుర్తు చూసి, ఈ క్లిప్‌ని నిలువు వీడియో అనుకుని, 1080 ఎత్తులో పట్టేలా ముందే కుదించింది. తిప్పాక ఆ 1080 వెడల్పయింది, ఎత్తు దాదాపు 607కి పడిపోయింది. జూమ్ 1.78 పెట్టండి.

[తెర మీద: గారెలు ఫ్రేమ్ నిండుగా]

నిండింది కదా! క్లిప్ అసలు సైజే 1920 బై 1080 కాబట్టి క్వాలిటీ కూడా ఏమీ పోదు.

రీల్స్ కోసం నిలువుగా కావాలంటే జూమ్‌తో కుస్తీ పట్టకండి. టైమ్‌లైన్‌నే 1080 బై 1920కి మార్చేయండి.

ఈసారి పైనుంచి తీసేటప్పుడు ఫోన్‌ని ముందు అడ్డంగా నిలబెట్టి పట్టుకోండి. కెమెరా గుర్తులు అటు తిరిగాక, మెల్లగా కిందికి వంచి రికార్డ్ నొక్కండి. నూనె చిందుతుంది, ఫోన్ కాస్త ఎత్తులో పట్టుకోండి.