పలక మీద కనిపించని చదువు

నమస్తే అండీ. తెర మీద మీరు చూస్తున్నది ఓ అంగన్‌వాడీ. టైము తొమ్మిది దాటింది. గుమ్మం దగ్గర ఏడుపు వినిపిస్తోందా? కొత్తగా చేరిన పిల్లాడు, అమ్మ కొంగు వదలట్లేదు. ఆయమ్మ ఏం చేస్తోందో గమనించండి. లోపలికి లాగట్లేదు. "రా నాన్నా, నీ చెప్పులు ఎక్కడ పెడదాం?" అంటోంది. వాడికో పని దొరికింది. కుడిది, ఎడమది పక్కపక్కన పెట్టేసరికి ఏడుపు సగానికి తగ్గింది. జత కలపడం లెక్కలకు మొదటి మెట్టు. ఆ సంగతి వాడికి తెలియదు, చాలామంది పెద్దవాళ్ళకూ తెలియదు.

ఇక ఆటపాట. పాటయ్యాక చింతగింజల డబ్బా వచ్చింది. పెద్దవి ఓ పక్క, చిన్నవి ఓ పక్క వేరు చేయాలి. అదిగో, ఒక గింజ చొక్కా జేబులోకి పోయింది. టీచర్ చూసీ చూడనట్టు ఉంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి గింజ తీస్తున్నారు చూడండి, రేపు పెన్సిల్ పట్టుకునే పట్టు అదే. మన మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. మూడేళ్ళ పిల్లల్లో వాటిలో చాలావరకు ఇంకా ఎముకగా మారనే లేదు, మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. అలాంటి చేతికి 'అ నుంచి అః దాకా నాలుగు పేజీలు' అని హోంవర్కు ఇచ్చే బళ్ళు మన ఊళ్ళలో బోలెడు. రాయలేక ఏడిస్తే బద్ధకం అనేస్తాం.

2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ళ వయసు మొత్తాన్ని ఒకే పునాది దశ అంది. దాన్ని అనుసరించి 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ఆరేళ్ళలోపు పిల్లలకు పాఠ్యపుస్తకం పెట్టనక్కర్లేదంది. బాగానే ఉంది. కానీ ఫీజు కట్టిన తండ్రి సాయంత్రం నోటుబుక్కే తెరిచి చూస్తాడు కదా!

ఇప్పుడు కుళాయి దగ్గరికి వెళ్దాం. చేతులు కడుక్కోవాలి, ఉన్నది ఒక్కటే కుళాయి. నీలం గౌను పాప రెండుసార్లు వరస దాటబోయింది, వెనకవాడు ఒప్పుకోలేదు. టీచర్ మధ్యలోకి రాలేదు, చూస్తూ నిలబడింది. గొణుక్కుంటూనే పాప వెనక్కి వెళ్ళింది. ఈ రోజు మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే.

అన్నం, పప్పు, గుడ్డు. ఈ వయసు పిల్లలకు ఇక్కడ రోజూ ఇన్ని కేలరీలు, ఇంత ప్రొటీన్ అందాలన్న నిబంధన ఉంది. ఒక్క గుడ్డులోనే ఇంచుమించు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, అందుకే గుడ్డు రాని రోజు లోటు పెద్దదే. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం, ఈ తిండినీ, టీకానీ, ఆటపాటనీ ఒకే గూటికి చేర్చింది. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లాడు చింతగింజలు ఏరడండీ, నోట్లో వేసుకుంటాడు.

పిల్లలు చాపల మీద నిద్రపోయారు. టీచర్ ఫోను తీసింది. హాజరు, బరువులు, ఎత్తులు... 2021 నుంచి అన్నీ పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేదు, చుక్కల చక్రం తిరుగుతూనే ఉంది. పేరుకు టీచరే, ప్రభుత్వం ఇచ్చేది మాత్రం జీతం కాదు, గౌరవ వేతనం.

సాయంత్రం అమ్మలు వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇవాళ ఏం రాయించారు?" చింతగింజలు, కుళాయి వరస, చెప్పుల జత, ఇవన్నీ టీచర్ ఏ పలక మీద చూపిస్తుంది పాపం?

మీ పిల్లల్ని అంగన్‌వాడీలో వేసినా, ప్రైవేటు బడిలో వేసినా, ముందు ఓ పూట వెళ్ళి కూర్చోండి. పుస్తకాలెన్ని అని అడక్కండి. కుళాయి పిల్లలకు అందే ఎత్తులో ఉందా, ఇసుకో బంకమట్టో ఉందా, టీచర్ పిల్లలతో మాట్లాడేటప్పుడు కింద కూర్చుంటుందా, పేరు పెట్టి పిలుస్తుందా, 'ఏయ్' అంటుందా, ఇవి చూసుకుని రండి. మీరు చూసింది కామెంట్లలో రాస్తే తర్వాతి వీడియోలో మాట్లాడుకుందాం.