ఆఖరి మూడు రోజులు: కడుపులోని గుర్రప్పిల్ల, కార్టిసాల్

అందరికీ నమస్కారం.

గుర్రం చూడి సగటున 340 రోజులు. అయినా 320 రోజులకే ఈనినా, 360 దాటాక ఈనినా పిల్ల నిక్షేపంగా ఉండొచ్చు. ‘తేదీ దాటిపోయింది, ఆక్సిటోసిన్ ఇచ్చి ఈనించెయ్యండి’ అని పెంపకందారులు డాక్టరును తొందరపెడుతుంటారు. ఆ తొందర పిల్ల ప్రాణానికే ముప్పు. ఎందుకో తెలియాలంటే పిల్ల మూత్రపిండం పక్కనుండే అడ్రినల్ గ్రంథిలో ఏం జరుగుతోందో చూడాలి.

గొర్రె సంగతి మనకు బాగా తెలుసు. ఈనడానికి రెండు వారాల ముందు నుంచే కడుపులోని పిల్లలో కార్టిసాల్ అనే అడ్రినల్ హార్మోను పెరుగుతూ వస్తుంది. ఊపిరితిత్తులు, పేగులు, కాలేయంలో గ్లైకోజన్ (దాచుకున్న చక్కెర) నిల్వలు అన్నీ ఆ హార్మోను చలవతోనే సిద్ధమవుతాయి. గుర్రప్పిల్ల అలా కాదు. ఇంగ్లండ్‌లోని న్యూమార్కెట్‌లో పీటర్ రోస్‌డేల్, కేంబ్రిడ్జ్‌లో మరియన్ సిల్వర్, అబిగైల్ ఫౌడెన్ చేసిన పరిశోధనల్లో తేలింది ఇదే: ఆ పెరుగుదల చివరి రెండు మూడు రోజుల్లోనే వస్తుంది. అంతకుముందు మెదడు కిందనుండే పిట్యూటరీ గ్రంథి నుంచి అడ్రినల్‌ను ప్రేరేపించే ఎసిటిహెచ్ హార్మోను వచ్చినా అడ్రినల్ పెద్దగా స్పందించదు. కార్టిసాల్ తయారీకి కావలసిన ఒక కీలక ఎంజైము అందులో అప్పటికి తగినంత ఉండదు.

మరి అన్నాళ్లూ ఆ గ్రంథి ఏం చేస్తుంది? ప్రెగ్నెనొలోన్ అనే ముడి హార్మోనును తయారుచేసి మాయకు పంపుతుంది. మాయ దాన్ని ప్రొజెస్టాజెన్లనే హార్మోన్లుగా మారుస్తుంది. గర్భాశయాన్ని కదలనివ్వకుండా ఉంచేవి అవే. ఎంజైము వచ్చాక గ్రంథి కార్టిసాల్ వైపు మళ్లుతుంది, ప్రొజెస్టాజెన్లు పడిపోతాయి, నొప్పులు మొదలవుతాయి. అంటే పిల్ల సిద్ధమవడమూ, ఈనడం మొదలవడమూ ఒకే మలుపులో జరుగుతాయి. ఎంత అందమైన ఏర్పాటు! ఆ మలుపుకు ముందే మనం ఈనిస్తే, 345 రోజుల పిల్ల కూడా నెలలు నిండని పిల్లలాగే పుడుతుంది: ఉబ్బెత్తు నుదురు, వేలాడే చెవులు, పట్టులాంటి వెంట్రుకలు, నిలబడలేని కాళ్లు. రక్తపరీక్షలో తెల్లరక్తకణాల్లోని న్యూట్రోఫిల్స్ అనే రకం లింఫోసైట్లనే మరో రకం కంటే తక్కువుంటాయి. సిద్ధంగా పుట్టిన పిల్లలో న్యూట్రోఫిల్స్ లింఫోసైట్లకు రెట్టింపు పైనే ఉంటాయి.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది ముఖ్యమైనది. గర్భాశయ ముఖద్వారం గుండా స్ట్రెప్టోకాకస్ లాంటి బ్యాక్టీరియా ఎక్కి మాయకు వాపు వస్తే, వారాల తరబడి సాగే ఆ ఒత్తిడి పిల్ల అడ్రినల్‌ను ముందే మేల్కొల్పుతుంది. అందుకే వాపు మెల్లగా ముదిరిన కేసుల్లో 300–310 రోజులకు పుట్టిన పిల్లలు కూడా కొన్ని బతుకుతాయి. హఠాత్తుగా వచ్చిన జబ్బైతే పిల్లకు ఆ వ్యవధి దొరకదు. 310వ రోజుకు ముందే పొదుగు దిగినా, పాలు కారినా, యోనిస్రావం కనిపించినా ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించండి. గర్భాశయం, మాయ కలిపి మందం 271–300 రోజుల మధ్య 8 మి.మీ. దాటితే, 301–330 మధ్య 10 మి.మీ. దాటితే అనుమానించాలి.

ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో పిల్ల సిద్ధపడిందో లేదో పాలే చెబుతాయి. చివరి రోజుల్లో రోజూ సాయంత్రం ఒకే వేళకు కొన్ని చుక్కలు పిండండి, ఎక్కువ పిండితే ముర్రుపాలు వృథా. కాల్షియం లీటరుకు 400 మి.గ్రా. దాటడం, సోడియం లీటరుకు 30 మిల్లీమోల్స్ లోపుకు దిగడం, పొటాషియం 35 పైకి వెళ్లడం, ఈ మూడూ కలిస్తే పిల్ల సిద్ధమని లెక్క. పాల పిహెచ్ 6.4కు దిగితే చాలావరకు ఒక రోజులోనే ఈనుతుంది. మాయవాపు ఉంటే మాత్రం ఈ అంకెలను నమ్మకండి, వాపు వల్లే పాలు ముందుగా మారతాయి.

మేత విషయం చాలామంది పట్టించుకోరు. చివరి నెలల్లో రవాణా కోసమో, ఆపరేషన్ కోసమో ఒకటి రెండు రోజులు మేత ఆపితే గర్భాశయంలో నొప్పులు తెప్పించే ప్రోస్టాగ్లాండిన్లు పెరుగుతాయి, ఆ వారంలోనే నొప్పులు రావొచ్చు, అప్పటికి పిల్ల సిద్ధంగా ఉండదు. ఉపవాసం తప్పనిసరైతే సాధ్యమైనన్ని తక్కువ గంటలకు కుదించమని డాక్టరును అడగండి.

పిల్లను ముందే సిద్ధం చేసే మందు లేదా అని అడుగుతారు. 315–317 రోజుల్లో తల్లికి రోజుకు 100 మి.గ్రా. డెక్సామెథసోన్ (కార్టిసాల్‌లా పనిచేసే స్టెరాయిడ్ మందు) చొప్పున మూడు రోజులిస్తే సిద్ధపడిన పిల్లలు ముందుగా పుట్టినట్టు ప్రయోగాల్లో తేలింది. కానీ అది మామూలు గుర్రానికి ఇచ్చే మందు కాదు. తల్లికి ల్యామినైటిస్ (గిట్టల లోపలి వాపు) వచ్చే ప్రమాదం ఉంది, కాబట్టి తల్లి ప్రాణం మీదికొచ్చి పిల్లనైనా దక్కించుకోవాలన్నప్పుడే దాని గురించి డాక్టరుతో మాట్లాడండి.