గ్రాముల లెక్క, కప్పుల కొలత

శ్రోతలందరికీ నమస్కారం.

కేకు చేద్దామని రెసిపీ చూస్తే 300 గ్రాముల మైదా అని ఉంది. ఇంట్లో కాటా లేదు, కొలత కప్పులే ఉన్నాయి. కప్పంటే 250 గ్రాములే కదా అని కప్పు మీద ఇంకాస్త మైదా పోసేస్తాం. నిజానికి అప్పుడు గిన్నెలో పడింది 150 గ్రాములే, అంటే కావాల్సిన దాంట్లో సగం. ఆ కేకు పొంగినట్టే పొంగి మధ్యలో కుంగిపోతుంది. అందరూ ఓవెన్‌ని అనుమానిస్తారు, పాపం దాని తప్పేమీ ఉండదు.

కప్పు కొలిచేది పదార్థం ఎంత చోటు పడుతుందన్నది, గ్రాములు చెప్పేది దాని బరువు. నీళ్లకు మిల్లీలీటర్లూ గ్రాములూ ఒకటే, పాలకు దాదాపు ఒకటే. మిగతావాటికి దేని లెక్క దానిదే. దగ్గర్లో పెన్ను ఉంటే రాసుకోండి, నెమ్మదిగా చెబుతాను. 240 మిల్లీలీటర్ల కప్పులో మైదా సుమారు 125 గ్రాములు పడుతుంది. పంచదార 200, పంచదార పొడి 120, కోకో పొడి 85 గ్రాములు. వెన్న 225. తేనె ఏకంగా 340. రెసిపీలో ఉన్న గ్రాములను ఆ పదార్థం అంకెతో భాగిస్తే ఎన్ని కప్పులో వస్తుంది. 150 గ్రాముల పంచదార అంటే ముప్పావు కప్పు. మనం మొదట అనుకున్న 300 గ్రాముల మైదా అంటే రెండు కప్పుల మీద ఆరు టేబుల్ స్పూన్లు, ఇంకో టీస్పూన్.

అసలు చిక్కంతా మైదాతోనే. కప్పుని నేరుగా డబ్బాలో ముంచి, కుదిపి, నొక్కి తీస్తే అదే కప్పులో 150 గ్రాములు కూడా పట్టేస్తుంది. రెండున్నర కప్పులు తీసేసరికి సుమారు 60 గ్రాములు, అంటే దాదాపు అరకప్పు మైదా ఎక్కువ పడుతుంది. కేకు పొడిపొడిగా, గట్టిగా వస్తుంది. అందుకని ముందు డబ్బాలో మైదాని స్పూన్‌తో ఒకసారి కదిపి గుల్ల చేయండి. స్పూన్‌తో తీసి కప్పులోకి వదలండి. తట్టొద్దు, నొక్కొద్దు. శిఖరంలా నిండాక చాకు వీపుతో అంచుకి సమంగా గీసేయండి. నాకు ఈ ఒక్క అలవాటు మిగతా చిట్కాలన్నిటికన్నా విలువైనదనిపిస్తుంది. జల్లించి కొలిచిన మైదా ఇంకా తేలిక, కాబట్టి జల్లించమన్నది కొలిచే ముందా, కొలిచాకా అని రెసిపీలో చూసుకోండి.

బ్రౌన్ షుగర్ సంగతి ఇందుకు పూర్తిగా వ్యతిరేకం: దాన్ని కప్పులో గట్టిగా అదిమి నింపాలి. వెన్న మెత్తబడ్డాక, మధ్యలో గాలి ఖాళీలు లేకుండా కూరాలి.

కప్పు కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. అమెరికాలో సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాలో 250, జపాన్‌లో 200. ఆస్ట్రేలియాలో టేబుల్ స్పూన్ కూడా 20 మిల్లీలీటర్లు, చాలా దేశాల్లో 15. మీ కప్పు అడుగున అంకె లేకపోతే, గీతలున్న జాడీతో నీళ్లు పోసి చూసుకోండి.

బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు లాంటివి మాత్రం స్పూన్‌తో కొలవడమే మేలు. గ్రాముకి ఒక అంకె చొప్పున చూపించే వంటింటి కాటాకి రెండు మూడు గ్రాముల దగ్గర తడబాటు ఉంటుంది. గీసిన టీస్పూన్ బేకింగ్ పౌడర్ బరువు 4 నుంచి 5 గ్రాములు.

ఒకసారి మార్చుకున్న లెక్కని రెసిపీ పక్కన రాసుకునేటప్పుడు, రెండు కప్పుల మైదా అని వదిలేయకండి. ఎన్ని మిల్లీలీటర్ల కప్పో, స్పూన్‌తో నింపారో ముంచి తీశారో కూడా రాయండి. ఆ కాగితం ఇంకొకరికి ఇచ్చినా వాళ్ల కేకు మీ కేకులాగే వస్తుంది.

నమస్కారం.