ఇంటి సర్వర్‌లో పొలం లెక్కలు: ఫోన్-ఇన్ కార్యక్రమం

వ్యాఖ్యాత: తర్వాతి ఫోను గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి. చెప్పండి.

శ్రోత: నమస్కారమండీ. మాకు వరి, మిర్చి ఉన్నాయి. ఏ చేనికి ఏ మందు ఎప్పుడు కొట్టామో నాన్న నోటుబుక్కులో రాస్తారు. దాన్ని ఫార్మ్‌ఓఎస్ అనే పొలం లెక్కల సాఫ్ట్‌వేర్‌లో పెడదామనుకుంటున్నాను. ఇంట్లో సర్వర్‌గా పాత ల్యాప్‌టాప్ సరిపోతుందా మేడమ్?

నిపుణురాలు: భేషుగ్గా సరిపోతుంది బాబూ. కరెంటు పోయినా బ్యాటరీ ఆదుకుంటుంది. ఉబ్బిన బ్యాటరీ అయితే మాత్రం వెంటనే తీయించండి, రాత్రింబవళ్లు ఛార్జింగ్‌లో ఉండే యంత్రం కదా! లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, డాకర్ పెట్టండి. అది ఒక్కో సాఫ్ట్‌వేర్‌ను కంటెయినర్ అనే విడి పెట్టెలో నడుపుతుంది. అందులో ఫార్మ్‌ఓఎస్‌ను ఒక కంటెయినర్‌గా, వివరాలు దాచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను మరో కంటెయినర్‌గా నడపండి. సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టనక్కర్లేదు.

శ్రోత: కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత వివరాలు పోవు కదా?

నిపుణురాలు: అడగవలసిన ప్రశ్న అడిగారు. కంటెయినర్ తీసేస్తే దాని లోపల రాసుకున్నది కూడా పోతుంది. అందుకే డేటాబేస్ ఫోల్డరు, ఫార్మ్‌ఓఎస్ ‘సైట్స్’ ఫోల్డరు రెండూ ల్యాప్‌టాప్ డిస్కు మీదే ఉండేలా వాల్యూములుగా కట్టాలి. మీరు ఎక్కించే ఫోటోలు, సైటు అమరికలు ఆ ‘సైట్స్’లోనే ఉంటాయి. మొదట ఒక్క చేను పేరు నమోదు చేసి, రెండు కంటెయినర్లనూ తీసి మళ్లీ పెట్టండి. ఆ పేరు కనిపిస్తేనే మిగతావి ఎక్కించండి. డాకర్ అమరికల్లో వెర్షన్ కూడా అంకెతో సహా రాయండి, ‘లేటెస్ట్’ అని వదిలేయకండి.

శ్రోత: బ్యాకప్‌కి ఆ ఫోల్డర్లు కాపీ చేస్తే చాలా?

నిపుణురాలు: ‘సైట్స్’కి చాలు. నడుస్తున్న డేటాబేస్‌ను అలా కాపీ చేస్తే నమ్మలేం, పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే పీజీ డంప్ (pg_dump) ఆదేశంతోనే తీయాలి. పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే ఇంట్లో ఉంచండి. అప్పుడప్పుడు మరో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

శ్రోత: చేను దగ్గర నుంచి ఫోన్‌లో చూడాలంటే రూటర్‌లో పోర్టు, అంటే బయటి నుంచి లోపలికి దారి, తెరవమంటున్నారు.

నిపుణురాలు: దయచేసి తెరవకండి. ఊరూపేరూ తెలియనివాళ్లు కూడా మీ తలుపు తట్టగలుగుతారు. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోండి, అంటే మీ ఫోనుకీ ఇంటికీ మధ్య మీకు మాత్రమే తెరుచుకునే దారి. మీ కనెక్షన్‌కు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరగల ఇంటర్నెట్ చిరునామా, లేకపోతే టెయిల్‌స్కేల్ అనే వీపీఎన్ పనికొస్తుంది.

శ్రోత: మరి నాన్న నోటుబుక్కు మానేయమనాలా?

నిపుణురాలు: వద్దు, ఈ పంటకు రెండూ నడవనివ్వండి. పాత పుస్తకాలన్నీ ఎక్కించే పని పెట్టుకోకండి. మందు కొట్టిన సాయంత్రమే ఫార్మ్‌ఓఎస్‌లో ‘ఇన్‌పుట్’ కింద పేరు, మోతాదు, తేదీ రాయండి, సీసా మీది కాగితం ఫోటో జతచేయండి. ఎన్ని రోజులు ఆగి కోయాలో దాని మీదే ఉంటుంది. మిర్చి కోతకు దిగే ముందు ఆ తేదీ చూసుకోవచ్చు.