ఒక రష్యన్ క్రియ: నల్లసిరా నుంచి బెరుకు దాకా

శ్రోతలకు నమస్కారం.

రష్యన్ వాడుకభాషలో 'స్తుషెవాత్స్య' అనే క్రియ ఒకటి ఉంది. నలుగురిలో మాట్లాడడానికి లేచిన కుర్రవాడు, ఎవరో ఎదురుప్రశ్న వేయగానే బెదిరి, గొంతు పెగలక నిలబడిపోతే 'స్తుషెవాల్స్య' అంటారు. అయితే ఈ మాట పుట్టినప్పుడు దీనికి బెరుకుతో సంబంధమే లేదు.

దీనికి మూలం 'తూష్' అనే నల్లసిరా. తాకడమనే అర్థం గల ఫ్రెంచి మాట ఒకటి జర్మన్ మీదుగా రష్యన్‌లోకి వచ్చి, పటాలు గీసే సిరాకు పేరయింది. ఆ సిరాతో నీడలు దిద్దడం 'తుషెవాత్'. గీత పక్కన చిక్కటి సిరా పెట్టి, అది ఆరకముందే తడికుంచెతో ఒకవైపుకు లాగుతూ పోతే, నలుపు బూడిదరంగై, ఆ బూడిదరంగు పలచబడి, ఎక్కడ ఆగిందో చెప్పలేనంత మెల్లగా తెల్లకాగితంలో కలిసిపోతుంది.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో కోటల పటాలు దిద్దే విద్యార్థులు ఈ మాటను మనుషులకు అన్వయించారు. పిలిచినప్పుడు కనబడకుండా పోయిన చిన్న తరగతివాణ్ణి పై తరగతివాడు, ఎక్కడికి 'స్తుషెవాత్స్య' అయ్యావని నిలదీసేవాడు. అక్కడే చదివిన దొస్తొయేవ్‌స్కీ 1846లో అచ్చయిన 'ద్వోయ్నిక్' అనే రచనలో దీనిని వాడాడు. 1877 నవంబరులో తన 'రచయిత డైరీ'లో ఈ మాట చరిత్రను ప్రత్యేకంగా రాసి, దీనిని పుట్టించింది తన తరగతి వారేననీ, సాహిత్యంలోకి తెచ్చింది మాత్రం తాననీ చెప్పుకున్నాడు. అంతటి రచయిత ఒక చిన్న మాటను చూసుకుని అంతగా సంతోషించడం నన్నెప్పుడూ కదిలిస్తుంది.

ఆయన వివరణలో అది ఉన్నట్టుండి మాయమవడం కాదు, సిరా పలచబడినట్టు ఎవరికీ తెలియకుండా, నొప్పించకుండా తప్పుకోవడం. మన 'జారుకోవడం' దీనికి దగ్గరగానే ఉంటుంది. పైగా మన 'కొను' చేసే పనినే ఇక్కడ చివరనున్న 'స్య' చేస్తుంది. కానీ జారుకోవడంలో కొంత తప్పించుకునే ఎత్తు వినిపిస్తుంది. దొస్తొయేవ్‌స్కీ చెప్పిన అర్థంలో ఉన్నది సున్నితం.

మరి బెరుకు ఎలా వచ్చి చేరింది? నాకు తోచినంతలో, నలుగురిలోంచి వెనక్కి తగ్గేవాణ్ణి చూసినవారు అతను జంకి తగ్గాడనుకోవడం సహజం. అలా చేష్టకు పెట్టిన పేరు దాని వెనుక ఉందనుకున్న మనఃస్థితికి పాకి ఉంటుంది. నేటి రష్యన్ నిఘంటువుల్లో ఈ క్రియ కింద అంచులు చెదిరి కలిసిపోవడం, గుట్టుగా తప్పుకోవడం, జంకడం అన్న మూడు అర్థాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.