పేగు పంపిన కబురు

శ్రోతలకు నమస్కారం.

భోజనం చేసి చేయి కడుక్కుంటే మన పని అయిపోయినట్టే. లోపల మాత్రం అప్పుడే పని ఊపందుకుంటుంది. జీర్ణాశయంలో నానిన అన్నం, ఘాటైన ఆమ్లంతో కలిసి కొద్దికొద్దిగా చిన్నపేగులోకి దిగుతుంది. ఆ ఆమ్లాన్ని తట్టుకునే శక్తి పేగుకు అంతగా లేదు. పక్కనే ఉన్న క్లోమం క్షార రసాన్ని పంపి దాన్ని విరిచేయాలి. మరి ఆమ్లం వచ్చిందని క్లోమానికి చెప్పేదెవరు?

నాడులే చెబుతాయని రష్యాలో జీర్ణక్రియ పరిశోధనకు పేరుమోసిన శాస్త్రవేత్త పావ్లోవ్ గట్టిగా నమ్మాడు. అంతటివాడి మాటను కాదనడం తేలిక కాదు.

1902 జనవరిలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శరీరశాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించారు. వీళ్లు బావా బావమరుదులు కూడా. మత్తు ఇచ్చిన కుక్క పేగులో ఒక ముక్కకు నాడులన్నీ తెంచి, రక్తనాళాలను మాత్రం ఉంచి, అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం రసం వదిలింది! అంటే కబురు రక్తంలో వెళ్లి ఉండాలి. స్టార్లింగ్ వెంటనే పేగు లోపలి పొరను గీకి, ఇసుక, ఆమ్లం వేసి నూరి, వడగట్టి, ఆ ద్రవాన్ని కుక్క రక్తంలోకి ఎక్కించాడు. క్లోమం మళ్లీ స్రవించింది. పచ్చడి నూరినంత సులువైన పని చూడండి, శరీరశాస్త్రం దారినే మార్చింది.

ఆ పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. 1905లో స్టార్లింగ్ ఇలాంటి కబుర్లన్నిటికీ ‘హార్మోను’ అనే మాట వాడాడు. ప్రేరేపించడం అనే అర్థమున్న గ్రీకు మాట దానికి మూలం. ఇన్సులిన్‌కూ థైరాయిడ్‌కూ మనం ఇప్పుడు వాడే మాట పేగు పుణ్యమే.

పావ్లోవ్ కూడా తన ప్రయోగశాలలో ఇదే ప్రయోగం చేయించి చూశాడు. మౌనంగా తన గదిలోకి వెళ్లి, కాసేపటికి తిరిగివచ్చి, వాళ్లు చెప్పిందే నిజమని ఒప్పుకున్నాడని ఆయన శిష్యుడు రాశాడు. నాడుల పాత్ర లేకపోలేదు గానీ, అది కథలో సగమే.

తర్వాత ఈ హార్మోన్ల కుటుంబం పెరిగింది. జీర్ణాశయంలో ఆమ్లాన్ని ఊరించేది గాస్ట్రిన్. ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను జపాన్ శాస్త్రవేత్తలు 1999లో కనుగొన్నారు.

నోరు తిరగని పేరున్నది ఇంకొకటుంది: కోలిసిస్టోకైనిన్. నెయ్యి, వేపుడు పేగులోకి దిగగానే ఇది రక్తంలో కలుస్తుంది. జీర్ణాశయాన్ని నెమ్మదించమంటుంది, మెదడుకు ఇక చాలని చెబుతుంది, పిత్తాశయాన్ని పిండి పైత్యరసం రప్పిస్తుంది. పిత్తాశయంలో రాళ్లున్నవారికి విందు భోజనం తర్వాత కుడి పక్కటెముకల కింద నొప్పి రావడానికి కారణం ఇదే. రాయి దారికి అడ్డం పడినా, పిండమన్న కబురు మాత్రం ఆగదు.