చేను మీద అడవి పందులు: కరెంటు తీగ లేకుండా పంటను కాపాడుకునే పద్ధతులు

[దృశ్యం: తెల్లవారుజామున మొక్కజొన్న చేను. విరిగిన కర్రలు, సగం కొరికి వదిలేసిన కంకులు.]

కంకి పాలు పోసుకునే దశలో ఉన్న చేనులోకి అడవి పందుల గుంపు ఒక్క రాత్రి దిగితే తెల్లారేసరికి మిగిలేది ఇదే. అవి తినే దానికంటే విరిచేది, తొక్కేది చాలా ఎక్కువ. వేరుశనగ చేనులోనైతే సాలు వెంట మూతితో నేలను పెకలించి, ఊరుతున్న కాయలను తీగతో సహా లాగేస్తాయి. నెలల తరబడి చాకిరీ చేసి, అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టిన రైతు పొద్దున గట్టు మీద నిలబడి ఆ చేనును చూడడం ఎంత కష్టమో తెలిసినందువల్లనే ఈ విషయాన్ని వివరంగా చెబుతున్నాం.

అడవి పందికి చూపు మందం, ముక్కు మాత్రం మహా చురుకు. చీకటిలో మేత ఎక్కడుందో, మనిషి ఎటున్నాడో అది ప్రధానంగా వాసనతోనే పసిగడుతుంది. కాబట్టి మన కాపలా కూడా ముందుగా దాని ముక్కును ఉద్దేశించి ఉండాలి.

[దృశ్యం: గట్టు చుట్టూ పాతిన కర్రలు, వాటికి కట్టిన కొబ్బరి తాళ్లు.]

గంధకాన్ని పంది కొవ్వు నూనెలో కలిపి, ఆ మిశ్రమంలో కొబ్బరి తాడును బాగా నానబెట్టి, చేను చుట్టూ అడుగు ఎడంతో మూడు వరుసలుగా కట్టడం హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచించిన పద్ధతుల్లో ఒకటి. ఘాటైన ఆ వాసన పంట వాసనను కప్పేస్తుంది. వాన పడితే వాసన తగ్గుతుంది కనుక మిశ్రమాన్ని మళ్లీ పూయాలి. విత్తేటప్పుడే ఆలోచించగలిగితే, మొక్కజొన్న చుట్టూ ఆముదాన్ని, వేరుశనగ చుట్టూ ముళ్లుండే కుసుమను నాలుగు వరుసలు ఒత్తుగా వేసుకోవడం మేలు; వాటి నుంచి కొంత దిగుబడి కూడా చేతికి వస్తుంది. ఏ పద్ధతికైనా పందులు కొన్నాళ్లకు అలవాటు పడతాయి. అందుకే ఒకే ఉపాయాన్ని పంట చివరిదాకా నమ్ముకోకుండా మారుస్తూ ఉండాలి.

అడవి అంచున ఉన్న పొలాలకు ఇవి చాలవు, సోలార్ కంచె అవసరమవుతుంది. దీనిని చాలామంది మామూలు కరెంటు తీగతో సమానమనుకుంటారు, కానీ రెండింటికీ పోలికే లేదు. సోలార్ కంచెలోని ఎనర్జైజర్ (తీగకు షాక్ పంపే పెట్టె) వేల వోల్టుల విద్యుత్తును సెకనుకు దాదాపు ఒకసారి, అదీ సెకనులో అతి స్వల్ప భాగం పాటు మాత్రమే వదులుతుంది. తాకిన జంతువు ఉలిక్కిపడి వెనక్కి పారిపోతుందే తప్ప చనిపోదు. పంది కింది నుంచి దూరడానికే చూస్తుంది కాబట్టి అన్నిటికంటే కింది తీగ నేల నుంచి అడుగులోపు ఎత్తులోనే ఉండాలి. ఆ తీగకు గడ్డి తగిలితే షాక్ బలం నేలలోకి జారిపోతుంది, కనుక కంచె కింద కలుపు ఎప్పటికప్పుడు తీసేయాలి. ఎండిన నేలల్లో ఎర్తింగ్ కడ్డీ దగ్గర తడి ఆరకుండా నీళ్లు పోయాలి.

[దృశ్యం: రాత్రి, టార్చిలైటుతో మోటారు దగ్గరికి నడుస్తున్న రైతు.]

మోటారు లైను నుంచి నేరుగా తీగకు ఇచ్చే కరెంటు ఆగకుండా ప్రవహిస్తుంది. తగిలిన చెయ్యి వదిలించుకోవడానికి రాకుండా కండరాలు బిగుసుకుపోతాయి. రాత్రివేళ నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క పొలం రైతు, గొర్రెల కాపరి, ఒక్కోసారి ఆ తీగ పెట్టిన మనిషే దానికి బలైన ఉదంతాలు తెలుగు పల్లెల్లో మళ్లీ మళ్లీ జరుగుతున్నాయి. పంట పోతే వచ్చే ఏడాది పండించుకోవచ్చు కానీ పోయిన మనిషి తిరిగి రాడు. కాబట్టి ఏ పరిస్థితిలోనూ ఆ పని చేయవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాం.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని చంపడం, దానికోసం ఉచ్చులు, నాటు బాంబులు పెట్టడం నేరం. పందుల బెడద మితిమీరినప్పుడు ఊరి రైతులంతా కలిసి అటవీ అధికారులకు అర్జీ పెట్టుకోవాలి. నష్టం జరిగిన రోజైతే చేనును శుభ్రం చేయకముందే కాలిముద్రలు, విరిగిన మొక్కలు స్పష్టంగా కనిపించేలా ఫోటోలు తీసి, పట్టాదారు పాసుపుస్తకం నకలుతో పరిహారానికి దరఖాస్తు చేసి, అధికారులు వచ్చి పరిశీలించేదాకా ఆ చేనును అలాగే ఉంచాలి.